ఊపిరి తెగిన చోటు

రాజమండ్రి,
ఆదివారం రాత్రి.

చి. అమ్మడికి మావయ్య ఆశీర్వదించి రాయునది.

ఫోన్ చేసి చెప్పొచ్చుగా, ఈ రోజుల్లో ఉత్తరమేంటి మావయ్యా అంటావని తెలుసు. ఫోన్లో అయితే నేను ఒకటి మొదలెట్టేలోపు నువ్వు నాలుగు చెబుతావు, నేను చెప్పదలుచుకున్నది గోదాట్లో కలిసిపోతుంది. ఉత్తరమైతే ఆఖరిదాకా చదవక తప్పదు. మొన్న రాత్రి పదింటికి నువ్వు ఏడుస్తూ ‘మావయ్యా, అమ్మమ్మ పూతరేకుల వీడియో మూగబోయింది’ అనేసరికి మీ అత్తయ్య సగం మాటే విని, ఎవరికేమైందోనని చేతిలో చెంబు అక్కడే పెట్టేసి పరిగెత్తుకొచ్చింది. సంగతి తెలిశాక తిట్టిందనుకో, నిన్ను కాదు, నన్ను: ‘పాతికేళ్ళు పెళ్ళి వీడియోలు తీశారు, పిల్లకి ఆ మాత్రం చెప్పొద్దా’ అని. ఆవిడ మాటలో న్యాయముంది. అందుకే కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్నాను.

ముందు నీ భయం తీరుస్తాను. వెనక వేసిన సినిమా పాటకి నీకొచ్చింది క్లెయిమ్, స్ట్రైక్ కాదు. యూట్యూబ్‌లో కంటెంట్ ఐడీ అని ఒకటి 2007 నుంచీ కాపలా కూర్చుంది. పాటల కంపెనీలు తమ పాటలన్నీ దాని చేతికిచ్చి ఉంచుతాయి, ఎవరు ఏ వీడియో ఎక్కించినా అది చెవొగ్గి విని, పోలిక దొరికితే యజమాని పేరు చెబుతుంది. ఆపైన ఆ యజమాని ఇష్టం: వీడియోని ఆపెయ్యమనొచ్చు, లేదా ఉండనిచ్చి దానిమీద వచ్చే ప్రకటనల డబ్బు తనే తీసుకోవచ్చు. స్ట్రైక్ అంటే యజమాని స్వయంగా తీసెయ్యమని నోటీసు పెట్టినప్పుడు వచ్చేది, 90 రోజుల్లో అలాంటివి మూడు పడితే ఛానెలే పోతుంది. నీ విషయంలో అంత జరగలేదు. నువ్వే కంగారులో శబ్దం మొత్తం తీసేసే బటన్ నొక్కావు, దాంతో పాటతో పాటు అమ్మమ్మ గొంతూ పోయింది. అసలు ఫైలు నీ దగ్గర భద్రంగా ఉందన్నావు కాబట్టి మళ్ళీ కూర్చుకోవచ్చు. ఏడవకు.

‘పాతదేగా మావయ్యా, ఎప్పుడో ఘంటసాల కట్టిన పాట’ అన్నావు చూడు, ఆ మాట దగ్గర నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. నవ్వెందుకంటే, ఆ మాట నేను నీకంటే ముప్ఫై ఏళ్ళ ముందే అనేశాను.

నా స్టూడియో నీకు గుర్తుండదులే, నువ్వు పుట్టేనాటికే సీడీలు వచ్చేశాయి. రెండు వీసీఆర్లు, ఒక మిక్సరు, ఒక టేప్ రికార్డరు, గోడకి పాటల క్యాసెట్ల బీరువా. పెళ్ళికొడుకు విడిదిలో దిగితే ఒక పాట, తలంబ్రాలకొకటి, అప్పగింతలకి ఏడుపు పాట. సిద్ధంగా చీటీలు అంటించి పెట్టుకునేవాణ్ణి, పెళ్ళి మారినా పాటలు మారేవి కావు. 1961 నాటి సీతారామ కల్యాణం సినిమాలో పెళ్ళి పాట ఉంది కదా, దాన్ని ఎన్ని వందల పెళ్ళిళ్ళ మీద పోశానో నాకే లెక్కలేదు. ఎవరినీ అడిగింది లేదు. పాటంటే గాలి, గాలికి యజమానేంటి అనుకునేవాణ్ణి.

ఇప్పుడు తీరిగ్గా కూర్చుని లెక్క చూస్తే ఇలా ఉంది. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. సినిమాకైనా, రికార్డుకైనా విడుదలైన ఏడాది పోగా అరవై ఏళ్ళు. పాట రాసినవారికీ బాణీ కట్టినవారికీ మటుకు వాళ్ళు బతికినంత కాలమూ, పోయిన ఏడాది తరువాత ఇంకో అరవై ఏళ్ళూ. ఆ సినిమాకి గడువు 2021తో తీరింది. కానీ మాటలు రాసిన సముద్రాల సీనియర్ 1968లో పోయారు, కనక వాటి మీద హక్కు 2028 ఆఖరుదాకా బతికే ఉంటుంది. నువ్వు చెప్పిన ఘంటసాలగారు 1974లో పోయారు, ఆయన కట్టిన బాణీలకి 2034 డిసెంబరు దాటాలి. ఒక్క పాటలో మాటలొకరివి, బాణీ ఒకరిది, రికార్డు ఇంకొకరిది; ఉమ్మడి కాపురంలో వంటిల్లు లాంటిది, ఒకరు సరే అంటే చాలదు. ఇదంతా మన దేశం లెక్క, అమెరికాలో మళ్ళీ వేరు, నీ వీడియో అక్కడా కనబడుతుంది. ఈ అరవై కూడా మొదట యాభైయే. రవీంద్రనాథ్ టాగోర్ 1941లో పోతే, ఆయన రచనల మీద హక్కు 1991తో తీరిపోతుందని గగ్గోలు పుట్టి పదేళ్ళు పెంచారు. ఆయన పుణ్యమా అని అందరికీ పదేళ్ళు కలిసొచ్చాయి.

పెళ్ళి ఊరేగింపులో పాటలు వేసుకోవడానికి చట్టంలోనే మినహాయింపుంది, అది నా చెవిన పడి వీడియోకీ అదే వర్తిస్తుందని ఎంతో ధీమాగా ఉండేవాణ్ణి. కాదు. ఆ వేడుక జరుగుతున్నంతసేపే అది. ముప్ఫై సెకన్లలోపు అయితే ఫర్వాలేదని మీ హాస్టల్ పిల్లలు చెబుతున్నారన్నావు, అలాంటి లెక్క ఏ చట్టంలోనూ లేదు. కింద ‘హక్కులు వారివే, మాకే దురుద్దేశం లేదు’ అని రాస్తే సరిపోతుందనేదీ అంతే, పొరుగువారి పెరట్లో కాయ కోసుకుని గుమ్మానికి దండం పెట్టి వచ్చినట్టు.

ఇక సిగ్గు సంగతి. ఇది మీ అమ్మకి కూడా చెప్పలేదు.

ఒకసారి కొవ్వూరులో పెళ్ళి, తెల్లవారుజామున మూడింటి ముహూర్తం. వాన. పందిట్లో సగం మంది కుర్చీల్లోనే నిద్ర. ఆ వేళ సన్నాయి పెద్దాయన ఒకరు, డెబ్భై దగ్గర పడుతున్న మనిషి, ఎవరూ వినడంలేదని తెలిసి కాబోలు తనకోసమే వాయించుకున్నట్టు మోహన రాగం ఆలాపన ఎత్తుకున్నాడు. డోలు కూడా ఆగిపోయింది. పందిరి మీద వాన చప్పుడు, కింద ఆ సన్నాయి, అంతే. నాకు చేయి ఎక్కడుందో కాలు ఎక్కడుందో తెలియలేదు, కానీ మైకు మాత్రం ఆయన వైపు తిప్పాను. పదకొండు నిమిషాలు వచ్చింది. అంత బాగా నా జన్మలో మరోటి రికార్డు చెయ్యలేదు.

దాన్నేం చేశానో విను. ఆ పెళ్ళివారి క్యాసెట్‌లో పెట్టడం సరే, ఆ తరువాత నాలుగేళ్ళు ఎవరి పెళ్ళి వచ్చినా మంగళసూత్రం దగ్గర అదే వేశాను. అసలు ఆ పెళ్ళిలో వాయించినవాళ్ళు సరిగ్గా వాయించకపోతే వాళ్ళ సన్నాయి తీసేసి ఈయనది అతికించేవాణ్ణి. నా పని బాగుందని పేరొచ్చింది. రేటు పెంచాను కూడా.

ఒకరోజు సాయంత్రం షాపులో టీవీ మీద ఏదో పెళ్ళి క్యాసెట్ చూసుకుంటున్నాను. గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. చెప్పులు విడిచి, గొడుగు మూసి, లోపలికి రాకుండా అలాగే వింటున్నాడు. చూస్తే ఆయనే. మనవరాలి పెళ్ళికి వీడియో మాట్లాడుకుందామని వచ్చాడు. ఆయన వేళ్ళు గొడుగు కర్ర మీద కదులుతున్నాయి, సన్నాయి రంధ్రాల మీద కదిలినట్టే, పాట కంటే వెంట్రుకవాసి ముందుగా. ఒకచోట ఆ వేళ్ళు ఆగాయి. ‘ఇక్కడ ఊపిరి తెగింది బాబూ. ఆ వేళ దగ్గుగా ఉంది’ అన్నాడు. నేను వందసార్లు విన్నాను, ఆ తెగిన చోటు నాకెప్పుడూ వినబడలేదు.

కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. టీవీ కేసి చూస్తూ ‘ఈ పెళ్ళివారికి నేను తెలియదే’ అన్నాడు, నిష్ఠూరంగా కూడా కాదు, నిజంగానే గుర్తు చేసుకుంటున్నట్టు. అప్పుడే టైటిల్స్ పడ్డాయి. నా స్టూడియో పేరు, దాని కింద ఫోన్ నంబరు, మళ్ళీ చివర్న ఇంకోసారి నా పేరు. ఆయన పేరు ఎక్కడా లేదు. పువ్వులు కట్టినవాడి పేరు కూడా వేశాను తల్లీ, ఆయన పేరు వెయ్యలేదు.

మనవరాలి పెళ్ళి ఊరికే తీస్తానన్నాను. వద్దన్నాడు, మామూలు రేటు ఎంతో అంతే ఇచ్చాడు. నాలుగేళ్ళకి ఇంత అని నేనొక కవరులో పెట్టి ఇస్తే మటుకు, మొహమాటపడకుండా తీసుకుని, అక్కడే లెక్కపెట్టుకుని, మొలలో దోపుకున్నాడు. ఆ లెక్కపెట్టుకోవడం నాకెంతో నచ్చింది. ‘అబ్బే ఎందుకు బాబూ’ అని ఉంటే నేను ఆ రాత్రి హాయిగా నిద్రపోయి, మర్నాటినుంచి మళ్ళీ మామూలే అయ్యుండేవాణ్ణి.

సరే, నీ పూతరేకుల దగ్గరికి వస్తాను. సినిమా పాట వద్దనుకుంటే మరేం వెయ్యాలి అని కదా నీ ప్రశ్న. అన్నమయ్య కీర్తన వేస్తానన్నావు. ఆయన 1503లో పోయాడు, ఇంక అడిగేదెవరు అని. అక్కడే ఒక చిక్కుంది. తిరుమలలో 1922లో బయటపడ్డ ఆ రాగిరేకుల మీద సాహిత్యముంది, రాగం పేరుంది, స్వరం లేదు. మనం ఇవాళ పాడుకునే బాణీలు చాలామటుకు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు 1979లో పోయారు, నేదునూరి కృష్ణమూర్తిగారు 2014లో పోయారు, వాళ్ళు కట్టిన బాణీలకి పై లెక్కే వర్తిస్తుంది. మాట అన్నమయ్యది, బాణీ మొన్నటివారిది. త్యాగరాజస్వామి కీర్తనకైతే ఆ బెడద లేదు, 1847లో సిద్ధిపొందారు, బాణీ ఆయనదే. కాకపోతే ఆ కీర్తన ఎవరో పాడిన రికార్డు తెచ్చి వేస్తే ఆ రికార్డు వాళ్ళది. నీ స్నేహితురాలు వీణ మీద వాయిస్తే వేసుకోవచ్చు. అప్పుడు కూడా ఒక్కోసారి ఆ కాపలా యంత్రం పొరబడి ఫలానా కంపెనీ రికార్డు ఇదే అంటుంది. అలాంటప్పుడు కాదని ఎదురు రాయవచ్చు, అవతలివాళ్ళు ముప్ఫై రోజుల్లో జవాబు చెప్పాలి. తప్పు మనదైనప్పుడు మటుకు ఆ మీట నొక్కకు.

ఇంతకీ అమ్మమ్మ రేకు తీస్తూ కూనిరాగం తీసింది కదా, అదే వేద్దామని నేనూ అనుకున్నాను, జానపదమేదో అయ్యుంటుందని. అడిగాను. ‘అదా, సినిమాలోదిరా, భానుమతి పాడింది’ అంది. మా అమ్మ నోట్లో కూడా కాపీరైటే!

డబ్బు ఖర్చు లేనివి ఉన్నాయి. యూట్యూబ్ వాళ్ళదే ఆడియో లైబ్రరీ ఉంది, నీ ఛానెల్ స్టూడియోలోనే ఎడమ పక్కన, కొన్నిటికి పేరు చెబితే చాలంటారు, కొన్నిటికి అదీ అక్కర్లేదు. కెవిన్ మెక్‌లియోడ్ అని ఒకాయన ఇన్‌కంపెటెక్ అనే తన సైటులో బోలెడు సంగీతం పెట్టాడు, పేరు రాసి వాడుకోమన్నాడు. వాన, పొయ్యి, బస్సు లాంటి చప్పుళ్ళకైతే బార్సిలోనాలో ఒక విశ్వవిద్యాలయం వాళ్ళు నడిపే ఫ్రీసౌండ్ ఉంది. వీటిలో చాలావాటి మీద క్రియేటివ్ కామన్స్ అనే ముద్ర ఉంటుంది. అది నాకు అర్థమైన తీరు చెబుతాను. వెనక ఇత్తడి గిన్నెల మీద పేరు చెక్కించేవాళ్ళు కదా, పక్కింటి గంగాళం తెచ్చుకుని మనింట్లో పులిహోర కలుపుకున్నా దానిమీద పేరు వాళ్ళదే ఉండేది. ‘బీవై’ అంటే అది: వాడుకో, పేరు చెరపకు. పాట పేరు, చేసినవారి పేరు, ఎక్కడ దొరికింది, ఏ లైసెన్సు, ఈ నాలుగూ రాయాలి. ‘ఎన్‌సీ’ అని ఉంటే డబ్బు వచ్చే పనికి వాడకూడదు, రేపు నీ ఛానెల్‌కి ప్రకటనలు వస్తే తగువు. ‘ఎస్‌ఏ’ ఉంటే నీ వీడియోని కూడా అదే షరతు మీద లోకానికి ఇవ్వాలి. ‘ఎన్‌డీ’ ఉంటే అసలు ముట్టుకోకు. పాటని ఒక్క ముక్క కొయ్యకపోయినా, బొమ్మ కింద పెట్టడమే మార్చడం కింద లెక్క అని ఆ లైసెన్సులోనే రాసుంది. ఇది చాలామందికి తెలియదు, నాకూ ఈ మధ్యదాకా తెలియదు.

‘నో కాపీరైట్ మ్యూజిక్’ అని పేరు పెట్టి ఎవరెవరో ఎక్కించేవి నమ్మకు. అది వాళ్ళదో కాదో వాళ్ళకే తెలియాలి. ఏ పాటైనా తీసుకున్న రోజునే దాని షరతుల పేజీని ఫోటో తీసి దాచుకో. రాయల్టీ ఫ్రీ అంటే ఊరికే అని కాదు, ఒకసారి కట్టాక మళ్ళీ మళ్ళీ కట్టక్కర్లేదని. నెల చందా కంపెనీలున్నాయి, నెలకొక వీడియో తీసేవాళ్ళకి అది గిట్టుబాటు. ఏడాదికి ఒకటి తీసే నీకెందుకు? ఇంకో సంగతి, మీ కాలేజీ క్లబ్బుకి ఇన్‌స్టాలో బిజినెస్ అకౌంటు ఉందన్నావు, మామూలు అకౌంట్లో దొరికే సినిమా పాటలు దాంట్లో దొరకవు, దొరకలేదని పక్కదారిన ఎక్కించకండి.

ఇవన్నీ చెప్పాను గానీ, నిజానికి నీ వీడియోకి పాట ఎంత కావాలి అన్నది నా అనుమానం. అసలు ఫైలు పంపావు కదా, పాట కలపనిది, నిన్న మధ్యాహ్నం హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. బోర్లించిన కుండ కింద కొబ్బరాకులు చిటపటమంటున్నాయి. పల్చటి పిండిలో ముంచిన గుడ్డ కుండమీద లాగేసరికి ‘సుయ్’మని ఒక్క చప్పుడు, అది ఆగేలోపే రేకు, అమ్మమ్మ దాన్ని గోళ్ళతో లేపితే పాత కాగితం తిప్పినట్టు ఇంకో చప్పుడు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు ఇచ్చినప్పుడు ఎన్ని ఛానెళ్ళవాళ్ళు వచ్చి తీశారో నేను చూశాను, ఒక్కడూ ఆ చప్పుడు వినిపించలేదు. అందరూ దానిమీద ఫ్లూట్ పోశారు.

నాలుగో నిమిషం దగ్గర కెమెరా పక్కకి ఒరిగిపోతుంది. బొమ్మలో పొయ్యి, సగం గోడ, అంతే. పాట ఉన్న వీడియోలో నువ్వు ఆ ముక్క కోసేశావు. అసలు దాంట్లో అమ్మమ్మ ‘అబ్బా’ అంటుంది, నువ్వు ‘ఏదీ, చూపించు, ఊదుతాను’ అంటావు, తరువాత నువ్వు ఊదడం, అమ్మమ్మ ‘ఛీ, వేలికి ఎంగిలి తుంపరలు’ అనడం, నవ్వులు. ఇరవై సెకన్లుంటుందేమో. నేను దాన్ని మూడుసార్లు విని, కళ్ళజోడు తుడుచుకుని, మీ అత్తయ్యని పిలిచి వినిపించాను. చిన్నప్పుడు నీ మోకాలు దోక్కుపోతే అమ్మమ్మ అలాగే ఊదేది, మూలపాక గట్టుమీద కూచోబెట్టి. ఆ ముక్క తీసెయ్యకు. కెమెరా ఒరిగితే ఒరగనీ, నిన్ను ఎవరూ ఏమీ అనరు.

అయినా టైటిల్స్ దగ్గరా, చివర రేకులు మడతపెట్టే దగ్గరా కాస్త సంగీతం ఉంటే బాగుంటుందని నీకుంటే, ఒక పని చేశాను, కోప్పడకు. ఆ సన్నాయి పెద్దాయన మనవడు ఇక్కడే ఉన్నాడు, పగలు మోటారు వైండింగ్ పని, ముహూర్తాలుంటే సన్నాయి. వెళ్ళి అడిగాను. మోహనలో ఆలాపన రెండు నిమిషాలు వాయిస్తానన్నాడు. ఆలాపన అయితే ఎవరి కీర్తనా కాదు, అప్పటికప్పుడు అతను అల్లేదే, కాబట్టి మూడోవాడి హక్కు మధ్యలోకి రాదు. రెండు వేలు అడిగాడు. నేను బేరమాడలేదు, నువ్వూ ఆడకు. సగం నేను వేస్తాను, సగం నీ పాకెట్ మనీ. అదే ముక్క తన ఛానెల్లో కూడా పెట్టుకోవచ్చా అన్నాడు, మా మేనకోడలు సరే అంటుందని మాటిచ్చేశాను.

కాగితం మటుకు రాయించుకో. నోటిమాట చట్టంలో చెల్లదు, సంతకం ఉండాలి. ఎంతకాలమో రాయకపోతే అయిదేళ్ళే అనీ, ఎక్కడెక్కడో రాయకపోతే ఇండియాలోనే అనీ చట్టం అనుకుంటుంది, అందుకని ‘ఎప్పటికీ, ప్రపంచమంతటా’ అని స్పష్టంగా రాయి. ఎంత ఇచ్చావో రాయి. ఇద్దరి దగ్గరా చెరో కాపీ. తన పేరు ఎలా రాయాలో అతన్నే అడుగు, ఇంటిపేరు ముందా వెనకా అని. నేను చేసినట్టు ఆఖర్న చిన్న అక్షరాల్లో వెయ్యకు, అమ్మమ్మ పేరు ఏ సైజులో వేస్తావో అదే సైజులో వెయ్యి.

వచ్చే శనివారం రికార్డింగు. రాత్రి రైలుకి వస్తే తెల్లారేసరికి దిగుతావు, స్టేషన్‌కి నేనొస్తాను. ఊపిరి తెగితే మళ్ళీ వాయించమని అడగకు, తనే అడిగితే సరే.

అమ్మమ్మ ఒక డబ్బా పంపింది నీకోసం, ఎవరో హైదరాబాదు వస్తుంటే ఇచ్చి పంపుతున్నాను. బెల్లంవి పైన, పంచదారవి కింద. అడుగున ఉన్నవి దార్లో విరిగుంటాయి, ముందు అవి తినెయ్యి.

ఇట్లు,
మీ మావయ్య